గాలిలో వచ్చిన పాట

కృష్ణా గోదావరీ నదులను కలుపు జలమార్గములలో ఏలూరు కాలువ ముఖ్యమైనది. విజయవాడ వద్ద కృష్ణనుండి బయలుదేరిన కాలువ తూర్పుగా వచ్చును. గోదావరినుండి బయలుదేరిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా పడమరగా వచ్చును. రెండును ఏలూరులో కలియును. రైలుబండి వచ్చిన తరువాత కూడ చాలకాలము ఈ కాలువలమీద సరకుల పడవలు నడచినవి. గాలి కలిసివచ్చిన నాడు తెరచాప ఎత్తెడివారు. గాలి లేని నాడు మనుష్యులు గట్టువెంట నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. ఆ లాగువారు పాడుచుండిరి. పాట వారికి వినోదము కాదు. పదిమంది అడుగులు ఒక్కసారి పడుటకు అది పనిముట్టు. ఒకడు ఎత్తుకొనెడివాడు, తక్కినవారు అందుకొనెడివారు. పాట ఆగిన యెడల పడవయు ఆగెడిది.

దక్షిణమున కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరుల నీరు చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవు మంచినీటి సరస్సు అది. దాని నడుమ లంకలు, లంకలలో పల్లెలు. తాటిమ్రాను తొలిచి చేసిన దోనెలపై జనులు తిరిగెడివారు. ఫాల్గుణమాసమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరుగును. దోనె త్రోయువారి పాట, నాట్లువేయు స్త్రీల పాట, జాతరలో డప్పు, శ్రీరామనవమి పందిటిలో హరికథ, పట్టణమున నాటకశాలలో పద్యము: ఆ ప్రాంతమునకు ఇన్ని సంగీతములుండెను. ఒక్కటి మాత్రము నిశ్చయము. పాట పుట్టినచోటనే వినబడెడిది. పందిరి దాటి నాలుగు వీథులు పోయినచో కచేరి లేదు. పొలము దాటినచో నాట్లపాట లేదు.

ఈ నియమమును రేడియో భంగపరచినది. 1938 జూన్ 16వ తేదీన మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమైనప్పుడు అందు తమిళముతోపాటు తెలుగునకును కొంత కాలము దక్కినది. కాని మద్రాసు ధ్వని గోదావరి మండలమునకు చేరుసరికి అలసిపోయెడిది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో కేంద్రము వెలసినది. విజయవాడకు ఏలూరు ఇంచుమించు 60 కిలోమీటర్ల దూరము. తాడేపల్లిగూడెము మరికొంత దూరము. నాటినుండి ఏలూరువారికి 'మన రేడియో' అనగా విజయవాడ రేడియోయే. డెల్టాభూమి తడినేల యగుటచే మధ్యతరంగములు నేలవెంట చక్కగా ప్రాకును. ఎండిన రాతిసీమలో త్వరగా క్షీణించు ధ్వని కొల్లేటి లంకలలో నిండుగా వినబడుటకు అదియొక కారణము.

రేడియో పెట్టె కొనుట నాడు సామాన్యునకు సాధ్యము కాదు. పెట్టెలో గాజు వాల్వులుండెడివి. మీట త్రిప్పిన తరువాత అవి వేడెక్కువరకు ఓపికపట్టవలెను. ఇంటిపై రెండు కొయ్యలు పాతి వాని నడుమ ఏరియలు తీగ కట్టవలెను. ఏటేట తపాలాఫీసులో లైసెన్సు రుసుము చెల్లింపవలెను. పల్లెలలో విద్యుచ్ఛక్తి లేదు. బరువైన బ్యాటరీలు తెచ్చుకొనవలెను. కావున పట్టణములలో పార్కులయందును, గ్రామములలో పంచాయతీ కార్యాలయముల యరుగులపైనను బహుజనులు రేడియో వినిరి. పంచాయతీ రేడియో పాడైనచో దానిని బాగుచేయువాడు వచ్చువరకు ఊరంతయు ఎదురుచూచెడిది.

ఆ పెట్టెలో మొదట వినబడినది ఏమి? శాస్త్రీయసంగీతము. విజయవాడ కేంద్రమునకు ఈ విషయమున గొప్ప ఆస్తి ఉండెను. త్యాగరాజస్వామి శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారు విజయవాడలో పాఠము చెప్పిరి. వారి శిష్యులలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఒకరు. వాయులీన విద్వాంసుడు అన్నవరపు రామస్వామి మరియొకరు. రామస్వామి 1926లో ఏలూరు సమీపమున సోమవరప్పాడులో జన్మించిరి. విజయవాడ కేంద్రము ప్రారంభమైన నాటినుండి దశాబ్దములపాటు అందు నిలయవిద్వాంసుడుగా ఉండిరి. నిలయవిద్వాంసుడనగా నెలజీతము పుచ్చుకొని, పాడవచ్చిన ప్రతివారికిని ప్రక్కవాద్యము వాయించువాడు. ఉదయము భక్తిగీతము, మధ్యాహ్నము పిల్లల పాట, రాత్రి మహావిద్వాంసుని కచేరి; మూడింటికిని ఆ చేతిలోని కమానే. ఇట్టివారి పేరు ప్రకటనలో ఒక్క క్షణము వినబడి మాయమగును. శ్రోతలకు వారి వేళ్లు బాగుగా తెలియును, ముఖము తెలియదు.

శ్రీరామనవమి పందిటిలో కచేరి నాలుగు గంటలు సాగెడిది. విద్వాంసుడు వర్ణముతో గొంతు సవరించుకొని, సభను చూచి, సభ తల ఊపినచోట నిలిచి, ఊపనిచోట దాటిపోయెడివాడు. రేడియోలో అట్లు కుదరదు. ఎదుట సభ లేదు. గోడపై గడియారము కలదు. ఎఱ్ఱదీపము వెలిగినంతనే పాడవలెను. అరగంట కాగానే ముగింపవలెను. రాగాలాపన నాలుగు నిమిషములకు కుదించుకొని, అందులోనే రాగముయొక్క జీవము చూపవలెను. ఇది సంగీతమును పలుచన చేసినదని వృద్ధులు బాధపడిరి. వారి మాట అసత్యము కాదు. అయితే మరియొక మాట వారు చెప్పలేదు. పందిటిలో ముందువరుసలో ఎవరు కూర్చుండవలెను, వెనుక ఎవరు నిలువవలెను, పందిటివెలుపల ఎవరు ఆగవలెను అను నిర్ణయములు అంతకుముందే జరిగిపోయి యుండెడివి. పంచాయతీ యరుగుమీది రేడియో ఎదుట ఆ హద్దు అంత గట్టిగా నిలువలేదు. బెల్లపు బండి తోలువాడును తోడిరాగము వినెను. అర్థమైనదా అని ఎవరును అతనిని పరీక్షింపలేదు. తోడిరాగమునకు దీనివలన నష్టము కలిగినట్లు లేదు.

అయినను హద్దులు లేని రేడియో కూడ లేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును బహిష్కరించినది. దాని మెట్లు స్థిరములు, మన గమకములు అందు పలుకవని కారణము చెప్పిరి. శాస్త్రదృష్టితో ఆ కారణము సరియైనదే. కాని గోదావరి మండలములో హార్మోనియము లేని పద్యనాటకమున్నదా? హార్మోనియము లేని భజనమందిరమున్నదా? పద్యము చదువు నటునకు శ్రుతియు, ధైర్యమును రెండును ఆ పెట్టెయే ఇచ్చెడిది. ఆ వాద్యము రేడియోకు పనికిరాదని వినిన పల్లెవాడు, 'మా భజన తక్కువదన్నమాట' అనుకొనియుండిన, తప్పు అతనిది కాదు. 1971లో ఈ నిషేధము సడలినది. ముప్పది యేండ్లు ఒక వాద్యము తన ఊరిలో రాజుగాను, గాలిలో అంటరానిదిగాను ఉండెను.

ఇంతకంటె పెద్ద కలహము చలనచిత్రగీతమును గూర్చి పుట్టినది. 1952లో బి. వి. కేస్కరు కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రి యయ్యెను. సినిమాపాట జనుల అభిరుచిని చెరచుచున్నదని ఆయన నమ్మకము. సినిమాపాటల కాలమును తగ్గించిరి. పాటతోపాటు చిత్రముయొక్క పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని మానిపించిరి. నిర్మాతలు కోపించి ప్రసారపు అనుమతులను ఉపసంహరించుకొనిరి. సినిమాపాట ఆలిండియా రేడియోనుండి ఇంచుమించు మాయమైనది. ఆ స్థానమున శాస్త్రీయసంగీతపు పాలు పెరిగినది. గాయకులకు స్వరపరీక్షలు పెట్టి శ్రేణులు నిర్ణయించిరి. శనివారము రాత్రి ఢిల్లీనుండి జాతీయ సంగీత కార్యక్రమము, 1954నుండి రేడియో సంగీత సమ్మేళనము వచ్చినవి.

శ్రోతలు ఏమి చేసిరి? వారికి ఓటు లేదు; మర మాత్రము కలదు. ఆ మరను త్రిప్పిరి. కొలంబోలో యుద్ధకాలమున సైనికులకై నెలకొల్పిన శక్తిమంతమైన ప్రసారయంత్రము యుద్ధానంతరము సిలోన్ రేడియోకు దక్కినది. ఢిల్లీ వలదనిన పాటలను ఆ రేడియో సముద్రము మీదుగా పంపసాగెను. 1952లోనే అందు బినాకా గీత్‌మాలా ప్రారంభమైనది. హిందీ పాటలకు తోడు తెలుగు పాటలును వచ్చెడివి. మీనాక్షీ పొన్నుదురై అను ప్రకటనకర్త్రి తెలుగు మాట ఆంధ్రదేశమున ఇంటింట పరిచితమైనది. హ్రస్వతరంగములు పైనున్న వాయుమండలమును తాకి మరలివచ్చునవి గనుక ఆ ధ్వని ఒకసారి ఉప్పొంగును, ఒకసారి తగ్గిపోవును. పల్లవి వినబడి చరణము గాలిలో కలిసిపోయెడిది. శ్రోతలు ఆ చరణమును తామే పాడి పూర్తిచేసికొనిరి!

రేడియో ఉన్న ఇండ్లలో సాయంకాలము జరుగు వాదము ఇంచుమించు ఒక్కతీరుననే ఉండెడిది.

"తాతయ్యా, కచేరీ అయిపోవచ్చిందా? ఒక్క పావుగంట కొలంబో పెట్టుకుంటానండి."

"ఉండరా అబ్బాయీ, ఇప్పుడే మృదంగం అందుకున్నాడు. తని ఆవర్తనం పూర్తిగా విననియ్యి."

"అదయ్యేసరికి అక్కడ పాటలైపోతాయండి."

"అయిపోతే పోనీరా. ఆ పాటలు రేపు వీథిలో నువ్వే పాడతావుగా!"

వంటయింటిలోనుండి బామ్మగారు, "మీ ఇద్దరి గోలా ఏమిటర్రా? పొద్దున్నే నా రామదాసు కీర్తన ఒక్కటి వినిపిస్తే చాలు నాకు" అనెడిది. ఈ ముగ్గురిలో ఎవరు గెలిచిరని అడుగరాదు. విచిత్రమేమనగా, పిదప విజయవాడ కేంద్రము ఈ ముగ్గురికిని కొంతకొంత ఒసగు మార్గములు కనుగొనినది.

కేస్కరును నిందించుట సులభము, అనేకులు నిందించిరి. జనులకు ఏది ఇష్టమో అడుగక, ఏది మంచిదో తానే చెప్పిన మంత్రి ఆయన. కాని సినిమాపాటను వెడలగొట్టిన చోట ఖాళీ ఏర్పడినది. ఆ ఖాళీని వీణాకచేరితోనే నింపుట సాధ్యము కాదని రేడియోవారికిని తెలిసినది. కచేరివలె బరువు కాక, సినిమాపాటవలె పరాయి సొత్తు కాక, నాలుగు నిమిషములలో ముగియు మంచి కవిత్వము గల పాట కావలసివచ్చెను. లలితసంగీతమునకు రేడియోలో పూర్వమే బీజము కలదు. ఈ అవసరము దానికి నీరు పోసినది.

ఆ పని చేసినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావుగారిని మొదట పేర్కొనవలెను. ఆయన 1920లో నిడదవోలులో జన్మించిరి. అనగా ఏలూరు కాలువగట్టువారే. 1941లో మద్రాసు కేంద్రమున చేరిరి. తరువాత విజయవాడలో చిరకాలము పనిచేసి, 1978లో విశ్రమించిరి. ఆయన కవి, గాయకుడు, బాణీలు కూర్చువాడు, వీటితోపాటు పండితుడు. ఆయన రచించిన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' నకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. వాగ్గేయకారుల చరిత్ర వ్రాసినవాడే సినిమాకును పాట ఇచ్చినాడు. 1945 నాటి 'స్వర్గసీమ' లో మిక్కిలి ప్రసిద్ధమైన పాటలో ఆయన చేయి కలదు. ఘంటసాల చిత్రసీమలో స్థిరపడకమునుపు రేడియోలో పాడెను. సాలూరి రాజేశ్వరరావు లలితగీతములతో పేరుపొంది సినిమాకు వెడలెను. రాజధానిలో కాగితముమీద సినిమాపాట వేరు, లలితగీతము వేరు అని గీత గీయవచ్చును. గొంతులు మాత్రము ఆ గీతకు రెండువైపుల నుండి ఒకటే.

లలితసంగీతమునకు ఏలూరు చేసిన దానము చిన్నది కాదు. 'ఎంకిపాటలు' వ్రాసిన నండూరి వెంకట సుబ్బారావుగారు ఏలూరులో న్యాయవాది. పగలు కోర్టులో దస్తావేజుల భాష. వ్రాయునప్పుడు పొలముగట్టు మీది భాష! పండితులు కొందరు ఆ భాషను చూచి ముఖము చిట్లించిరి. పాఠకులు మాత్రము ఎంకిని, నాయుడుబావను తమ ఊరివారిని వలె ఆదరించిరి. పుస్తకములోనున్న ఆ పాటలకు రేడియో గాయకులు స్వరములు కూర్చి పాడిరి. శ్రీరంగం గోపాలరత్నముగారి గొంతులో ఎంకి మాటలు విన్నవారు వానిని చిరకాలము మరువలేదు. ఆమె కచేరి చేయగల విదుషి. ఆ శిక్షణనంతయు దాచుకొని పల్లెపడుచువలె పాడెను. దాచుకొనుట చూపుటకంటె కష్టమైన పని.

అత్తిలి సమీపమున తిరుపతిపురములో జన్మించిన పాలగుమ్మి విశ్వనాథముగారు హైదరాబాదు కేంద్రమున లలితసంగీతమునకు జీవితమునే ధారపోసిరి. హైదరాబాదు రేడియో నిజాము కాలమునాటి దక్కను రేడియో. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది ఆలిండియా రేడియోలో కలిసినది. అక్కడ ఉర్దూ గజలు సంప్రదాయము, ఇక్కడ త్యాగరాజకృతి సంప్రదాయము. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఈ రెండు కేంద్రముల పాటలును ఒకదానినొకటి వినసాగినవి. రేడియోలో పాటలు నేర్పు పాఠములు కూడ వచ్చెడివి. గురువు ఒక పంక్తి పాడును. ఎదుట శిష్యురాలు తిరిగి పాడును. ఇంటిలో పెట్టెముందు కాగితము పట్టుకొని కూర్చున్న బాలిక మూడవసారి పాడును. సంగీతపు మేష్టరును పెట్టుకొనలేని ఇంటి పిల్లలు అనేకులు ఇట్లే పాటలు నేర్చుకొని పాఠశాల వార్షికోత్సవములలో పాడిరి. ఈ విద్యకు చందా లేదు, గురుదక్షిణ లేదు.

బామ్మగారి కోరిక తీర్చినది 'భక్తిరంజని'. తెల్లవారుజామున వచ్చు ఈ కార్యక్రమముతో రజనీకాంతరావుగారి పేరును, బాలమురళీకృష్ణగారి పేరును ముడివడి యున్నవి. రామదాసు కీర్తనలు, అన్నమాచార్యుల పదములు, నారాయణతీర్థుల తరంగములు, అధ్యాత్మరామాయణ కీర్తనలు, తత్త్వములు ఇందు వినబడినవి. వీనిలో కొన్ని భజనగోష్ఠులలో మాత్రమే మిగిలియుండెను. కొన్నింటికి సాహిత్యమే గాని బాణి దొరకదు. తాళ్లపాకవారి పదములు రాగిరేకులపై నిలిచినవి. రేకుపై రాగముయొక్క పేరు కలదు, పాడిన తీరు లేదు. విద్వాంసులు వానికి క్రొత్తగా బాణీలు కట్టిరి. నేడు 'పూర్వపు వరుస' అని అనేకులు నమ్ము పాటలలో కొన్నింటి వరుసలు ఇరువదవ శతాబ్దమున పుట్టినవే. కొల్లేటి పల్లెలో వాకిట కళ్ళాపి చల్లు వేళకు, వలలు తీసికొని దోనె దింపు వేళకు ఈ పాటలు వినబడెడివి. గడియారము లేని ఇండ్లలో భక్తిరంజనియే గడియారము. రెండవ కీర్తన మొదలగుసరికి పాలు పితుకుట ముగియవలెనని లెక్క.

ఇక మనుమని కోరిక. శ్రోతలందరును కొలంబోకు తరలిపోవుచున్నారని గ్రహించి, ఆలిండియా రేడియో 1957 అక్టోబరు 3వ తేదీన 'వివిధభారతి' ని ప్రారంభించినది. వెడలగొట్టిన సినిమాపాటను సగౌరవముగా పిలిచి పీట వేసిరి. పిలిచినవారు దీనిని ఓటమి యనలేదు, క్రొత్త సేవ యనిరి. 1967లో బొంబాయి, పూనా, నాగపూరులతో మొదలుపెట్టి వివిధభారతిలో వ్యాపార ప్రకటనలకును చోటిచ్చిరి. చిత్రము పేరు చెప్పుటయే ప్రకటన యని శంకించిన సంస్థ, పదునైదు సంవత్సరములకు సబ్బును, తలనొప్పి మాత్రను గూర్చి పాడుటకు అంగీకరించినది.

ఇదే కాలమున ట్రాన్సిస్టరు వచ్చినది. వాల్వులు లేవు, ఏరియలు కొయ్యలు లేవు. చేతిసంచిలో పట్టు పెట్టె, నాలుగు చిన్న బ్యాటరీలు. పెండ్లిలో అల్లునికి గడియారముతోపాటు ట్రాన్సిస్టరు ఇచ్చు ఆచారము బయలుదేరినది. దోనెలో ట్రాన్సిస్టరు, చేలగట్టుపై ట్రాన్సిస్టరు, తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల కొట్టులో మూటలమీద ట్రాన్సిస్టరు. రేడియో యరుగు దిగి మనిషివెంట నడచినది. నాడు పదిమంది కూర్చుండి ఒక పాట వినిరి. ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్కటి వినసాగిరి. కోరిన పాటల కార్యక్రమములకు కార్డు వ్రాయుట యువకుల కొక వ్యసనమైనది. పాట ఎట్లును వచ్చునదే. పాటకు ముందు తన పేరు, తన ఊరి పేరు గాలిలో వినబడవలెను. పటములో దొరకని లంక పేరును ప్రకటనకర్త స్పష్టముగా ఉచ్చరించిన నాడు ఆ పల్లెలో పండుగ. వారము తరువాత వినబడిన యెడల, 'కార్డు ఆలస్యముగా చేరినది' అని తపాలావారిపై నింద!

పిదప మార్పులు త్వరత్వరగా వచ్చినవి. టెలివిజన్ వచ్చి సాయంకాలములను తీసికొనిపోయినది. ఇంటి రేడియోకు లైసెన్సు 1980లలో తొలగినది. విజయవాడలో రెయిన్‌బో కృష్ణవేణి అను ఎఫ్. ఎం. ప్రసారము వెలసినది, 2006 నాటి వేలము తరువాత ప్రయివేటు సంస్థలును వచ్చినవి. ఎఫ్. ఎం. ధ్వని నిర్మలమైనది కాని దూరము పోదు; మధ్యతరంగమువలె తడినేలవెంట లంకలవరకు ప్రాకలేదు. అందు పాటకంటె మాట ఎక్కువ, పాత పాటకంటె క్రొత్త పాట ఎక్కువ. కేస్కరు కాలమున ఢిల్లీలో కూర్చున్న అధికారి పాటలను ఎన్నెను. ఈ కాలమున ప్రకటనదారు ఎన్నుచున్నాడు. శ్రోతను అడిగినవాడు అప్పుడును లేడు, ఇప్పుడును అంతగా లేడు. కొల్లేరు కూడ ఇంతలో మారినది. చేపల చెరువులు సరస్సును ఆక్రమించినవి. 1999లో దానిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరినది. 2005, 2006 సంవత్సరములలో అనేక చెరువుల గట్లను ప్రభుత్వము పగులగొట్టించినది. రాత్రి చెరువు కాపలాదారునకు తోడుగానుండు ట్రాన్సిస్టరు స్థానమున చేతిఫోను వచ్చినది.

వాద్యముల విషయమున ఒక్క సంగతి ఇచటనే చెప్పుకొనవలెను. 1950లో ఏలూరులో జన్మించిన నిడుమోలు సుమతి మృదంగవిద్వాంసురాలైరి. మృదంగము పురుషుల వాద్యమని అందరు నమ్మిన కాలమది. వేదికపై ఆమెను చూచి ఆశ్చర్యపడినవారు కలరు. రేడియోలో విన్నవారికి మాత్రము ఆశ్చర్యపడుటకు అవకాశము లేదు. గాలిలో వచ్చునది నాదమే గాని వ్రేళ్లు ఎవరివో కనబడవు. ఆమెకును, సోమవరప్పాడు రామస్వామిగారికిని 2021లో పద్మశ్రీ బిరుదులు ఒక్కసారియే ప్రకటింపబడినవి.

ఇన్ని మార్పులలో పడవ లాగినవారి పాటకు ఏమైనది? జానపదగీతము ఏనాడును రేడియోనుండి బహిష్కృతము కాలేదు; ఏనాడును పెద్దపీటపై కూర్చుండను లేదు. గ్రామస్థుల కార్యక్రమములో ఎరువుల ప్రసంగమునకును, ధరవరల ప్రకటనకును నడుమ దానికి చోటు దొరికెడిది. 1960వ దశకము మొదట పశ్చిమగోదావరి దేశములోని సాంద్రవ్యవసాయ జిల్లాలలో ఒకటైనప్పుడు రైతునకు చెప్పవలసిన మాటలు పెరిగినవి; ప్రసంగము పొడుగైన కొలది పాట పొట్టియైనది. పాడువారు తరచుగా శిక్షణపొందిన గాయకులు. ఉచ్చారణ శుభ్రము, శ్రుతి శుద్ధము, వెనుక వేణువు. నాట్లపాటలో నడుము నొప్పి మాత్రము వినబడదు. స్టూడియోలో పాడునప్పుడు నడుము వంచవలసిన పని లేదు కదా! దీనిని దోషమనుటకంటె దూరమనుట న్యాయము. ఆ గాయకులు పాడనిచో ఆ పాటలు చాలవరకు నాగలితోపాటు అటకెక్కి యుండెడివి.

పంచాయతీ యరుగు క్రింద నిలిచి వినుచున్న ముసలమ్మలకు ఈ దూరము చక్కగా తెలియును. నాట్లపాట మొదలగునప్పుడు వారి ముఖములలో ఆశ్చర్యము. రెండవ చరణమునకు సందేహము. "అది అట్లా కాదే అమ్మా, వాన వచ్చే చరణం ముందు రావాల" అని ఒకతె రేడియోలోని గాయనికి నచ్చజెప్పెడిది. గాయని వినదు గనుక, ఆమెయే గొంతెత్తి సరియైన వరుసలో అందుకొనెడిది. ప్రక్కనున్నవారు వంత పలికెడివారు. స్టూడియోలో పాట మూడు నిమిషములకు ముగిసెడిది. యరుగు క్రింద పాటకు అట్టి నియమము లేదు. అది ముగియుసరికి రేడియోలో తాడేపల్లిగూడెపు బెల్లము ధర చదువుట కూడ అయిపోయెడిది. 'ఎంతన్నాడు, ఎంతన్నాడు' అని మగవారు ఒకరినొకరు అడుగుకొనెడివారు.